మైనస్ ముప్ఫైలో కెమెరా

అందరికీ నమస్కారం. బయట ఇవాళ మైనస్ 24. ఈ చలిలో మంచు మీద కారు నడుపుకుంటూ ఇంతమంది వచ్చారంటే నాకు చాలా సంతోషంగా ఉంది. వెనక వరసలో వాళ్లకి వినిపిస్తోంది కదా? సరే, మొదలుపెడతాను.

కెనడాలో ఉంటూ కెమెరా పట్టే మనవాళ్లు చాలామంది అక్టోబరులో మేపుల్ ఆకుల రంగులు అయిపోగానే దాన్ని బీరువాలో పెట్టేస్తారు. మళ్లీ మే నెలలోనే బయటికి తీస్తారు. చలికి పాడవుతుందేమోనని భయం. కానీ ఈ దేశంలో తీయదగ్గ బొమ్మల్లో సగం ఆ నెలల్లోనే దొరుకుతాయి. అందుకే మొదటే ఒక మాట చెప్పేస్తాను. మైనస్ 30లో మూడు గంటలు నిలబెట్టినా కెమెరాకి పెద్దగా ఏమీ కాదు. దాన్ని ఇంట్లోకి తెచ్చిన మొదటి పది నిమిషాల్లోనే పాడవుతుంది.

కెమెరాతో వచ్చే పుస్తకంలో 0 నుంచి 40 డిగ్రీల మధ్య వాడమని ఉంటుంది, కొన్నిటికి మైనస్ 10 దాకా ఇస్తారు. అంతకన్నా చల్లబడితే కంపెనీ పూచీ లేదని దానర్థం, పనిచేయదని కాదు. నిజంగా జరిగేవి ఇవి. బ్యాటరీ త్వరగా పడిపోతుంది. వెనక తెరలో బొమ్మ మారడం మందగిస్తుంది, ఎందుకంటే అందులోని ద్రవ స్ఫటికాలు చిక్కబడతాయి. లెన్స్ రింగులూ ట్రైపాడ్ తలా గ్రీజు గట్టిపడి బిగుసుకుంటాయి. రిమోట్ వైరు కర్రలా అయిపోతుంది, బలవంతంగా వంచితే పైతొడుగు పగులుతుంది. ఆ పగిలిన వైరు తప్ప మిగతావన్నీ వెచ్చబడగానే మామూలైపోతాయి.

వాతావరణ వార్తల్లో రెండు అంకెలు చెప్తారు, ఉష్ణోగ్రత ఒకటి, విండ్ చిల్ ఇంకొకటి. విండ్ చిల్ అంటే గాలికి ఎంత చల్లగా అనిపిస్తుందో మన చర్మం కోసం లెక్కగట్టినది. ఉష్ణోగ్రత మైనస్ 20 ఉంటే గాలి ఎంత వీచినా అది కెమెరాని అంతకన్నా కిందికి దించలేదు, ఆ అంకెకి త్వరగా చేరుస్తుందంతే. మనిషి సంగతి వేరు. విండ్ చిల్ మైనస్ 28 నుంచి 39 మధ్య ఉంటే కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టవచ్చు. మైనస్ 40 దాటితే 5 నుంచి 10 నిమిషాలే. కాబట్టి కెమెరా కోసం మొదటి అంకె చూడండి, మీ కోసం రెండోది చూడండి.

ఇప్పుడు అసలు శత్రువు దగ్గరికి వద్దాం, చెమ్మ. ఎండాకాలంలో ఫ్రిజ్ నీళ్లు పోసిన స్టీలు గ్లాసు ఎలా చెమరుస్తుందో మనందరికీ తెలుసు. ఇక్కడ ఆ గ్లాసు మన కెమెరా. చలికాలంలో ఇల్లు 21 డిగ్రీల్లో, గాలిలో తేమ 35 శాతంగా ఉందనుకోండి. ఆ గాలి తగిలిన వస్తువు సుమారు 5 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే దాని మీద నీరు పడుతుంది. మీ కెమెరా మైనస్ 25లో ఉంది. అంటే ఆ గీతకి 30 డిగ్రీలు కింద! గుమ్మం దాటగానే దాని మీద తెల్లగా నూగులా మంచు పేరుకుంటుంది, కాసేపటికి కరిగి నీరవుతుంది. పైన పడ్డది గుడ్డతో తుడవొచ్చు. బటన్ల కిందికి, లెన్స్ కెమెరాకి అతుక్కునేచోట బంగారు పూత పాయింట్ల మధ్యకి, లెన్సు లోపలి గాజుల మీదికి వెళ్లినదాన్ని ఎవరు తుడుస్తారు? లోపల తడి ఆరకుండా మళ్లీ మళ్లీ అలాగే జరిగితే కొన్నాళ్లకి గాజు మీద సాలెగూడులా బూజు పాకుతుంది.

దీనికి మందు ఒక జిప్ కవరు. కిరాణా దుకాణంలో ఫ్రీజర్ కోసం అమ్ముతారే, అదే. నాలుగు లీటర్లది తీసుకుంటే బాడీ, మామూలు లెన్స్ పడతాయి. పెద్ద లెన్సుకి చెత్త వేసే మందపాటి కొత్త సంచి తీసుకుని మూతి బిగించి కట్టినా చాలు. ముఖ్యమైన సంగతి ఏమిటంటే కెమెరాని కవరులో పెట్టడం బయటే జరగాలి. బయటి గాలి చల్లటిది, కాబట్టి అందులో నీటి ఆవిరి దాదాపు ఉండదు. ఆ పొడి గాలితోనే మూసేయాలి. ఇంట్లోకి వచ్చాక కవరు వెతుక్కుంటూ కూర్చుంటే అప్పటికే పని జరిగిపోతుంది. మూసిన కవరుని కెమెరా బ్యాగులో పెట్టి దాని జిప్పు కూడా వేసేయండి. బ్యాగు స్పాంజి వల్ల నెమ్మదిగా వేడెక్కుతుంది, అదే కావాలి. చెమ్మ పడితే కవరు పైన పడుతుంది, లోపల కెమెరా పొడిగా ఉంటుంది. మామూలు లెన్సుతో రెండు మూడు గంటలు ఆగండి. పెద్ద టెలిఫోటో అయితే తెల్లారేదాకా ముట్టుకోవద్దు. దాని గాజూ లోహమూ వేడెక్కడానికి అంత సమయం పడుతుంది.

ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. తీసిన బొమ్మలు చూడాలని ఆత్రం! అందుకని మెమరీ కార్డూ బ్యాటరీ బయట ఉండగానే తీసి జేబులో వేసుకోండి, ఆ తర్వాతే కెమెరాని కవరులో పెట్టండి. అప్పుడు కవరు విప్పాల్సిన అవసరమే రాదు. ఇంకో జాగ్రత్త. ఇంట్లోకి వచ్చాక జూమ్ తిప్పొద్దు. ముందుకి సాగే జూమ్ లెన్స్ సైకిలు పంపులాంటిది, తిప్పిన ప్రతిసారీ గదిలోని తేమ గాలిని లోపలికి పీలుస్తుంది.

కారు విషయం చాలామంది మరచిపోతారు. ఒకచోట పావుగంట తీసి, కారెక్కి హీటరు పెట్టుకుని, ఇంకోచోట దిగుతాం. కారులో చెమ్మ పట్టిన కెమెరా బయటికి రాగానే ఆ నీరే గడ్డకడుతుంది. బటన్లు కదలవు, లెన్స్ మీద పొర పడుతుంది, ఒక్కోసారి లెన్స్ లోపల వెలుగుని అదుపుచేసే ఎపర్చర్ రేకులు అతుక్కుపోతాయి. కాబట్టి రాత్రంతా కెమెరా చోటు కారు డిక్కీలోనే, బ్యాగు మూసి. ఒకసారి చల్లబడిందంటే పని పూర్తయ్యేదాకా చల్లగానే ఉండనివ్వండి.

ఇది మంచు దేశాలకే పరిమితం కాదు. సెలవులకి వెళ్లినప్పుడు విశాఖలో ఏసీ హోటల్ గదిలోంచి బీచికి దిగగానే లెన్స్ మసకేస్తుంది కదా, కారణం ఇదే. అక్కడ బయటి గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే 26 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏ వస్తువైనా చెమరుస్తుంది. అక్కడ కవరు గదిలో మూసి, బయట విప్పాలి. అరగంట చాలు.

బ్యాటరీకి వస్తే, లిథియం అయాన్ బ్యాటరీ లోపలి ద్రవం చలికి చిక్కబడుతుంది, అయాన్లు నెమ్మదిస్తాయి. షట్టర్ ఒక్కసారిగా కరెంటు లాగినప్పుడు వోల్టేజి పడిపోతుంది. కెమెరా దాన్ని చూసి ఖాళీ అయిందనుకుని ఆగిపోతుంది. నిజానికి ఛార్జి లోపలే ఉంది. తీసి చొక్కా లోపలి జేబులో 20 నిమిషాలు పెడితే మళ్లీ పనిచేస్తుంది. అందుకే రెండు మూడు ఉంచుకుని వంతులవారీగా తిప్పాలి. కోటు పైజేబు పనికిరాదు, ఒంటికి ఆనుకుని ఉండే జేబు కావాలి. చేతులు వెచ్చబెట్టుకునే పొడి ప్యాకెట్లుంటాయి కదా, ఒకటి ఆ జేబులో వేసుకోండి, కానీ బ్యాటరీకి నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డ ఉంచండి. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను, సున్నా కన్నా చల్లగా ఉన్న బ్యాటరీని ఛార్జింగులో పెట్టొద్దు. లోపల లిథియం లోహంగా పేరుకుంటుంది, ఆ నష్టం తిరిగి రాదు, ప్రమాదం కూడా. ఇంటికి తెచ్చి, గది వేడికి వచ్చాకే పెట్టండి.

ఇన్ని ఇబ్బందులు చెప్పాను కాబట్టి చలి చేసే మేలు కూడా చెప్పాలి. వెలుతురు లేకపోయినా సిలికాన్ సెన్సర్‌లో వేడి వల్ల కొన్ని ఎలక్ట్రాన్లు వాటంతటవే పోగవుతాయి. చీకట్లో ఎక్కువసేపు షట్టర్ తెరిస్తే అవి బొమ్మలో చుక్కలుగా కనిపిస్తాయి. సెన్సర్ ఆరేడు డిగ్రీలు చల్లబడిన కొద్దీ అవి సుమారు సగమవుతుంటాయి. ఖగోళ వేధశాలల్లో సెన్సర్లని కావాలనే చల్లబరుస్తారు, మనకి ఆ వసతి ఇక్కడ ఉచితం. జులైలో 30 సెకన్లు తీసిన బొమ్మకీ జనవరిలో తీసినదానికీ తేడా కంటికి కనిపిస్తుంది. డిజిటల్ ఫొటోకి దారి వేసిన, వెలుతురుని విద్యుత్తుగా మార్చే సీసీడీ చిప్‌ని 1969లో బెల్ ల్యాబ్స్‌లో జార్జ్ స్మిత్‌తో కలిసి కనిపెట్టిన విలర్డ్ బాయిల్ కెనడావాడే. నోవాస్కోషియాలోని ఆమ్‌హెర్స్ట్‌లో పుట్టాడు. 2009లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఇప్పటి కెమెరాల్లో సీమాస్ సెన్సర్లు ఉంటాయి, అయినా వేడి వల్ల వచ్చే చుక్కల విషయంలో రెండిటి స్వభావం ఒకటే.

ఇప్పుడు అరోరా, అంటే ఉత్తరాది రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగు. మీలో ఎక్కువమంది దీనికోసమే వచ్చారని తెలుసు.

ఉత్తరాన ఉన్న ఎల్లోనైఫ్ ఊరు సరిగ్గా అరోరా వలయం కింద, అంటే ధ్రువం చుట్టూ అరోరా ఎక్కువగా వచ్చే పట్టీ కింద ఉంది. అక్కడ ఆకాశం తేటగా ఉంటే భూమి అయస్కాంత క్షేత్రం ఎంత కలతపడిందో 0 నుంచి 9 దాకా చెప్పే కేపీ అంకె 1, 2 ఉన్నా కనిపిస్తుంది. ఎడ్మంటన్ దగ్గర 4 వస్తే ఉత్తర దిక్కున ఆశ పెట్టుకోవచ్చు. టొరంటోలో అయితే 6, 7 రావాలి. 2024 మే 10 రాత్రి వచ్చిన తుఫాను లాంటివైతే కెనడా దక్షిణాన కూడా తల పైనే కనిపించవచ్చు, కానీ అవి అరుదు. నగరం దీపాలకి దూరంగా వెళ్లాలి. ఎడ్మంటన్‌కి తూర్పున ఎల్క్ ఐలండ్ నేషనల్ పార్క్ 2006 నుంచి చీకటి ఆకాశం కోసం కాపాడుతున్న ప్రాంతంలో ఉంది. అక్కడ రాత్రి రోడ్డు మీద అడవిదున్నలు పడుకుని ఉంటాయి, నెమ్మదిగా నడపండి, దిగాక వాటికి 100 మీటర్ల దూరం పాటించండి.

కేపీ మూడు గంటలకోసారి లెక్కించే అంకె, అది చూసి బయల్దేరితే ఒక్కోసారి ఆలస్యమవుతుంది. నేను బీజెడ్ చూడమంటాను. సూర్యుడి నుంచి వచ్చే గాలి మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం ఉత్తరానికి ఉందా, దక్షిణానికి ఉందా అని అది చెప్తుంది. మైనస్‌లోకి వెళ్లి అక్కడే నిలిచిందంటే మన భూమి తలుపు తెరుచుకున్నట్టే. ఈ కొలత భూమికి 15 లక్షల కిలోమీటర్ల ముందున్న ఉపగ్రహం నుంచి వస్తుంది. సౌరగాలి సెకనుకి 400 కిలోమీటర్ల వేగంతో వస్తే అక్కడి నుంచి ఇక్కడికి గంట పడుతుంది, తుఫాను వేగంలో అరగంట. అంటే బూట్లు వేసుకోవడానికి సరిపడా సమయం దొరుకుతుంది.

కెమెరా అమర్చే పద్ధతి చెప్తాను. ముందు దాన్ని బయట అరగంట చల్లబడనివ్వండి. ఎందుకంటే లెన్స్ చల్లబడినప్పుడు సంకోచించి ఫోకస్ పక్కకి తప్పుకుంటుంది. వెచ్చగా ఉన్నప్పుడు సరిచేసిన ఫోకస్ గంట తర్వాత తప్పుతుంది. మాన్యువల్ ఫోకస్‌లో పెట్టి, వెనక తెర మీద ప్రకాశవంతమైన ఒక నక్షత్రాన్ని 10 రెట్లు పెద్దది చేసి చూస్తూ, ఆ చుక్క వీలైనంత చిన్నదయ్యేదాకా రింగు తిప్పండి. లెన్స్ మీద ఉండే అనంతం గుర్తుని నమ్మొద్దు, చాలా లెన్సులు ఆ గుర్తు దాటి కూడా తిరుగుతాయి. సరిపోయాక రింగు కదలకుండా టేపు అంటించండి. మిర్రర్‌లెస్ కెమెరాల్లో చాలా లెన్సుల రింగు మోటారుతో పనిచేస్తుంది. బ్యాటరీ మార్చడానికి ఆపి వెలిగించగానే ఫోకస్ వేరే చోటికి పోతుంది, టేపు దాన్ని ఆపలేదు. కాబట్టి బ్యాటరీ మార్చిన ప్రతిసారీ మళ్లీ నక్షత్రం చూసుకోవాలి. రాత్రంతా తీసిన బొమ్మల్లో రెండో సగం మసకగా రావడానికి ఎక్కువగా ఇదే కారణం.

లెన్స్ ఎఫ్ 2.8 గానీ అంతకన్నా పెద్దగా తెరుచుకునేది గానీ ఉండాలి. వెలుగుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే ఐఎస్‌ఓ 1600 నుంచి 3200. నెమ్మదిగా పాకే పలచటి అరోరాకి 8 నుంచి 15 సెకన్లు. పరదాలా ఊగుతూ ప్రకాశంగా ఉంటే 2, 3 సెకన్లు, ఒక్కోసారి సెకనే. అప్పుడు 15 సెకన్లు పెడితే ఆ మడతలన్నీ కలిసిపోయి పచ్చటి మబ్బు మిగులుతుంది, చాలామంది బొమ్మల్లో కనిపించేది అదే. నక్షత్రాలు గీతలు కాకుండా ఉండాలంటే 500ని ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి. 24 మిల్లీమీటర్లకి సుమారు 20 సెకన్లు, చిన్న సెన్సర్ ఉన్న కెమెరా అయితే 14. రా ఫైలుగా, అంటే సెన్సర్ చూసింది చూసినట్టు దాచే ఫైలుగా తీయండి, వైట్ బ్యాలెన్స్ 3500 నుంచి 4000 కెల్విన్. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేయండి, లేకపోతే 10 సెకన్ల బొమ్మ తర్వాత ఇంకో 10 సెకన్లు కెమెరా ఖాళీగా కూర్చుంటుంది, ఆకాశం మీకోసం ఆగదు. ట్రైపాడ్ మీద, చేతి వణుకుని సరిదిద్దే స్టెబిలైజేషన్ కూడా ఆపాలి. వెనక తెర వెలుగు బాగా తగ్గించండి. చీకటికి అలవాటుపడ్డ కంటికి చీకటి బొమ్మ కూడా వెలుగుగా కనిపించి మోసం చేస్తుంది, బొమ్మలో వెలుగు ఎంతుందో గీసి చూపే హిస్టోగ్రామ్‌ని నమ్మండి.

రంగులు ఎత్తుని చెప్తాయి. ఆకుపచ్చ ఆక్సిజన్ వల్ల వస్తుంది, 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తులో. ఎరుపు కూడా ఆక్సిజనే, కానీ 200 కిలోమీటర్ల పైన. ఎరుపు వెలువడాలంటే ఆక్సిజన్ పరమాణువు శక్తిని దాదాపు రెండు నిమిషాలు పట్టి ఉంచుకోవాలి. కింద గాలి చిక్కగా ఉంటుంది, అంతసేపట్లో ఇంకో అణువు వచ్చి గుద్దేస్తుంది. పైన ఆ రద్దీ లేదు. ఆకుపచ్చకి సెకను కన్నా తక్కువ చాలు. పరదా అడుగున గులాబీ అంచు కనిపిస్తే అది నైట్రోజన్, తుఫాను బలంగా ఉందని గుర్తు, వెంటనే షట్టర్ సమయం తగ్గించండి.

ఇంకో చిన్న పని చేయండి, కెమెరా గడియారం సెకన్లతో సహా సరిచేసుకోండి. అల్బర్టాలో అరోరా వెంట తిరిగే మామూలు ఫొటోగ్రాఫర్లు తూర్పు పడమరలుగా సాగే ఒక సన్నటి ఊదారంగు చారని ఏళ్ల తరబడి తీస్తూ, దానికి సరదాగా స్టీవ్ అని పేరుపెట్టుకున్నారు. శాస్త్రవేత్తలు ఆ బొమ్మల సమయాలని ఉపగ్రహం దాటిన సమయంతో సరిచూస్తే, 300 కిలోమీటర్ల ఎత్తులో 25 కిలోమీటర్ల వెడల్పున, సెకనుకి 6 కిలోమీటర్ల వేగంతో పారుతున్న వేడి వాయువు బయటపడింది. 2018లో దాని మీద పరిశోధన పత్రం వచ్చింది. సమయం తప్పుగా ఉన్న బొమ్మలైతే ఆ పనికి అక్కరకొచ్చేవి కావు.

తేటగా ఉన్న రాత్రి లెన్స్ ముందు గాజు తన వేడిని నేరుగా ఆకాశానికి వదిలేసి చుట్టూ గాలికన్నా చల్లబడుతుంది, దాని మీద మంచు నూగు పడుతుంది. ఊది తుడిస్తే మీ ఊపిరే గడ్డకట్టి ఇంకా పాడవుతుంది. యూఎస్‌బీతో పనిచేసే లెన్స్ హీటర్ పట్టీ చుట్టండి, పవర్ బ్యాంకుని తొడుగులో పెట్టండి. దుమ్ముకి రబ్బరు బ్లోయర్ వాడండి. ట్రైపాడ్ అల్యూమినియందైతే కాళ్లకి పైపులకి వేసే ఫోమ్ తొడగండి, ఒట్టి చేత్తో ఆ లోహం పట్టుకుంటే చర్మం అతుక్కుంటుంది. లోతు మంచులో కాళ్లని పూర్తిగా విప్పి అదిమితే అవి ఇంకా విడిపోయి కీలు దగ్గర విరుగుతాయి, సగం విప్పి గుచ్చి, గట్టి నేల తగిలాక సరిచేయండి. చేతులకి లోపల పలచటి గ్లోవ్స్, పైన వేళ్లు కలిసుండే మిటెన్స్.

పగటి మంచుకి ఒకే మాట. కెమెరా మీటరు దేన్ని చూసినా బూడిద రంగు అనుకుంటుంది, అందుకే మంచు మురికిగా వస్తుంది. ఎక్స్‌పోజర్ ప్లస్ 1 నుంచి 2 స్టాపులు పెంచండి, ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపవుతుంది.

ఇప్పుడు ప్రశ్నలు. ఫోన్‌తో కుదురుతుందా అని అడుగుతున్నారు. కుదురుతుంది. నైట్ మోడ్, చిన్న ట్రైపాడ్, మూడు సెకన్ల టైమర్. కదలకుండా ఉంటే చాలా ఫోన్లు వాటంతటవే ఎక్కువ సేపు తీస్తాయి. తీసే ముందు దాకా ఫోన్ లోపలి జేబులో ఉండాలి. ఆకాశంలో బూడిదగా ఉన్నది మబ్బో అరోరానో తెలియకపోతే కెమెరా ఉన్నవాళ్లు కూడా ముందు ఫోన్‌తో చూసుకోండి. చీకట్లో మన కంటికి రంగు సరిగా ఆనదు, ఫోన్‌కి ఆకుపచ్చ వెంటనే తెలుస్తుంది.

అల్బర్టాలోని అబ్రహాం లేక్ గురించి ఇంకొకరు అడుగుతున్నారు. గాజులాంటి మంచు కింద తెల్లటి బుడగల దొంతరలు, అవి అడుగున కుళ్లే ఆకులూ మొక్కల నుంచి వచ్చే మీథేన్. గాలి ఎప్పుడూ వీస్తూ మంచుపొడిని ఊడ్చేస్తుంది కాబట్టి అక్కడ స్పష్టంగా కనిపిస్తాయి. బాగా దగ్గరగా, కిందికి వంగి, ఎఫ్ 11లో, దగ్గరికొకటి దూరానికొకటి ఫోకస్ చేసి రెండు మూడు తీసి కలపండి. కానీ అది 1972లో బిగ్‌హార్న్ డ్యామ్ కట్టడంతో ఏర్పడ్డ జలాశయం. చలికాలంలో నీటి మట్టం దిగుతూ ఉంటుంది, ఒడ్డు దగ్గర మంచు కింద ఆధారం లేక వేలాడుతుంది. మనిషి నడవడానికి గట్టి మంచు 15 సెంటీమీటర్లు ఉండాలంటారు, ఈ చెరువులో ఒకచోట కొలిచిన మందం పది అడుగుల అవతల ఉండకపోవచ్చు. బూట్లకి ముళ్లు తగిలించుకోండి, ఒంటరిగా వెళ్లకండి.

చివరి ప్రశ్న, బొమ్మ మధ్యలో ఆకుపచ్చ వలయాలు వస్తున్నాయి, లెన్స్ పాడైందా అని. లెన్స్ బాగానే ఉంది. ముందున్న యూవీ ఫిల్టర్ గాజు రెండు ముఖాల మధ్య, లెన్సుకీ దానికీ మధ్య వెలుగు అటూ ఇటూ తగిలి తిరుగుతుంది. మామూలు వెలుగులో అన్ని రంగులూ కలిసి ఉంటాయి కాబట్టి అది కనిపించదు. అరోరా ఆకుపచ్చ మాత్రం 557.7 నానోమీటర్ల దగ్గర ఒకే సన్నటి గీత, అందుకే వలయాలు ఏర్పడతాయి. తర్వాత కంప్యూటర్లో వాటిని తీయడం చాలా కష్టం. రాత్రి బయల్దేరే ముందు ఇంట్లోనే ఫిల్టర్ విప్పేయండి, బయట చలికి దాని మరలు బిగుసుకుపోతాయి.